పెళ్లిపందిట్లో కుక్క గొలుసు ఎవరి చేతిలో ఉంది?

గత వైశాఖమాసంలో దగ్గరి బంధువుల ఇంట పెళ్లికి హైదరాబాదు వెళ్లాను. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండు దాటాక. మధుమేహం ఉన్నవాడినని, వేళకు భోజనం చెయ్యాలని నన్ను ముందుగానే పంక్తిలో కూర్చోబెట్టారు. సాంబారు తెచ్చిన కుర్రవాడికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. బకెట్టు కుడి మోచేతికి తగిలించుకుని ఎడమచేత్తో వడ్డిస్తున్నాడు. ఎడమచేతి వడ్డన మన పంక్తుల్లో ఎవరూ సహించరు. అందుకే తలెత్తి చూశాను. కుడిచేతికి చేతిరుమాలు చుట్టి ఉంది. రుమాలు ఎర్రగా తడిసి ఉంది.

"ఏమిటి నాయనా అది?" అన్నాను.

"ఏం లేదు సార్. గీసుకుంది."

"దేనికి గీసుకుంది?"

అతడు వెనక్కి తిరిగి తన మేస్త్రీ ఎక్కడున్నాడో చూసుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి, "కుక్క సార్. పెళ్లికూతురు వాళ్లది. కాసేపు పట్టుకోమని గొలుసు ఇచ్చారు" అన్నాడు.

విస్తరి ముందు నుంచి మధ్యలో లేవకూడదని నేర్చుకున్న తరం మాది. లేచాను. వంటశాల వెనుక కుళాయి దగ్గరికి తీసుకువెళ్లి రుమాలు విప్పించాను. బొటనవేలి మొదట రెండు లోతైన పంటిగాట్లు. గిన్నెలు తోమే చోట ఉన్న సబ్బుబిళ్ల తీసుకుని, పారే నీటి కింద, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు ఆ గాయం కడిగించాను. మధ్యలో గట్టిమేళం మోగింది. నేను ఆశీర్వదించడానికి అంతదూరం వెళ్లిన పిల్ల మెడలో తాళి పడినప్పుడు నా చేతిలో ఉన్నది అక్షింతలు కావు, గిన్నెలు తోమే సబ్బు.

ఆ కుర్రవాడి చేతికి ఆ గొలుసు ఎలా వచ్చిందో ఆ సాయంత్రం వాకబు చేశాను. పెళ్లికూతురు ఆరేళ్లుగా ప్రాణంగా పెంచుకుంటున్న కుక్క అది. పీటల పక్కన తనతోపాటు ఉండాలని ఆమె ముచ్చట. చూసుకునే బాధ్యత తమ్ముడిది అనుకున్నారు. లాజహోమంలో అక్క చేతుల్లో పేలాలు పొయ్యవలసినవాడు కూడా ఆ తమ్ముడే కాబట్టి అతడు కారు డ్రైవరుకు అప్పగించాడు. డ్రైవరును స్టేషనుకు పంపారు. అతడు దీపాలు అమర్చే మనిషికి ఇచ్చాడు. ఆ మనిషి నిచ్చెన ఎక్కవలసి వచ్చి, పక్కనుంచి బకెట్టుతో పోతున్న కుర్రవాడికి ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే ఎదురుకోలు, బ్యాండు, టపాసులు. కుక్క బెదిరి పారిపోబోయింది. కుర్రవాడు భయపడి గొలుసు లాగాడు. అంతే.

ఇంత చదివాక మీరు కుక్కను తప్పుపడితే నేను రాసింది మీకు సరిగా చేరలేదని అర్థం. కుర్రవాడిని తప్పుపట్టినా అంతే. ఆ రోజు ఆ మండపంలో ఫొటోలకు ఇద్దరు, వీడియోకు ముగ్గురు, గాలిలో ఎగిరే కెమెరాకు ఒకరు, పెళ్లికూతురి జడకు ఒకరు, చీర కుచ్చిళ్లు సర్దడానికి ఒకరు ఉన్నారు. అందరూ కూలికి వచ్చినవారే. పళ్లు, గోళ్లు, భయమూ ఉన్న ప్రాణికి మాత్రం కూలికి వచ్చిన మనిషి ఒక్కడూ లేడు. పెళ్లికి మీ కుక్కను తీసుకురాదలిస్తే, దానిని చూసుకోవడమే పనిగా ఉన్న, ఆ పని తెలిసిన ఒక మనిషిని డబ్బిచ్చి పెట్టుకోండి. పెట్టుకోలేకపోతే తీసుకురాకండి. ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఉందని నేను ఒప్పుకోను.

"కుక్కకు కూడా ఆయానా? డాక్టరుగారికి చాదస్తం పెరిగింది" అని నవ్వేవారు ఉంటారని తెలుసు. మా ఇంట్లోనే నవ్వారు. నవ్వే పెద్దలను ఒక మాట అడుగుతాను. పెళ్లికొడుకు ఎక్కే గుర్రం కళ్లెం పట్టే మనిషి లేకుండా ఎప్పుడైనా వచ్చిందా? మావటి లేకుండా ఏనుగును ఏ దేవస్థానమైనా ఊరేగింపుకు పంపుతుందా? సంక్రాంతికి వాకిట్లోకి వచ్చే గంగిరెద్దు కూడా తన మనిషితోనే వస్తుంది. జంతువును జనంలోకి తెచ్చేటప్పుడు దాని మనసు తెలిసిన మనిషి పక్కన ఉండాలన్న జ్ఞానం మనకు తరతరాలుగా ఉంది. ఇంటి కుక్క విషయంలో అది ఎందుకో మరుగున పడింది. బహుశా ఇంట్లో మన మంచం మీదే పడుకుంటుంది కాబట్టి అది జంతువని మరిచిపోయాం.

మరొక పెద్దమనిషి నాతో, "ధర్మరాజు స్వర్గానికి కూడా కుక్కను వదిలి వెళ్లలేదు కదండీ" అన్నాడు. నిజమే. అయితే ధర్మరాజు దానిని నిర్మానుష్యమైన హిమాలయ మార్గంలో వెంటబెట్టుకు వెళ్లాడు. డీజే పెట్టెల ముందుకు తీసుకుపోలేదు. భారతమే కావాలంటే ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకైన సారమేయుడు వచ్చాడు. ఏ తప్పూ చెయ్యని ఆ కుక్కను రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. తల్లి సరమ వచ్చి నిలదీసింది. శుభకార్యం జరిగే చోటికి వచ్చిన కుక్కకు మనుషుల వల్ల అపకారం జరగడం మన సాహిత్యానికి అంత పాత సంగతి.

అపకారం అన్నాను కాబట్టి, ముందు కుక్క పక్షానే మాట్లాడతాను. మనిషి చెవి సెకనుకు 20 వేల ప్రకంపనల వరకు వినగలదు. కుక్క చెవి దాదాపు 45 వేల వరకు వింటుంది. మనకు వినిపించని సన్నని చప్పుళ్లు కూడా దానికి స్పష్టంగా వినిపిస్తాయి. గట్టిమేళం ఎందుకు మోగుతుందో మనకు తెలుసు, కాబట్టి సంతోషిస్తాం. కుక్కకు అది హఠాత్తుగా విరుచుకుపడిన ఉపద్రవం. దానిమీద నాలుగు వైపుల నుంచి అక్షింతలు పడతాయి, హోమం పొగ కళ్లలోకి పోతుంది, ముక్కూ మొహమూ తెలియని వందమంది వంగి తల నిమురుతారు. ఇంత జరుగుతుంటే దానికి పట్టుచొక్కా కుట్టించి, మెడలో దండ వేసి, "ఎంత బుద్ధిగా కూర్చుందో చూడండి" అంటారు. బుద్ధి కాదు, భయంతో బిగుసుకుపోయింది. మాటిమాటికీ మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, మొహం పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక కాళ్ల మధ్య ముడుచుకోవడం, ఇవన్నీ "నన్ను ఇక్కడినుంచి తీసుకుపోండి" అని అది చెప్పుకునే మాటలు. తోక ఆడించినంత మాత్రాన సంతోషంగా ఉందని అర్థం కాదు. గుర్రుమంటే అది చివరి హెచ్చరిక. ఆ హెచ్చరికకు దెబ్బ వేసి నోరు మూయించే యజమానులను చూశాను. అటువంటి కుక్క మరుసటిసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

మన పెళ్లిళ్లు ఎక్కువగా ఎండాకాలంలో వస్తాయి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం ద్వారానే ఒంటి వేడిని ప్రధానంగా తగ్గించుకుంటుంది. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడిముక్కు జాతులు అది కూడా సరిగా చెయ్యలేవు. మండుటెండలో, షామియానా కింద, జరీబట్ట తొడిగిన పగ్ కుక్క వడదెబ్బకు ప్రాణం విడవడానికి ఎంతోసేపు పట్టదు. ఇక తిండి. పిల్లలు ముద్దు చేసి లడ్డూ పెడతారు. లడ్డూలో, పాయసంలో వేసే కిస్మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలదు. కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. చాక్లెట్ విషం. ఉడికిన ఎముకలు పెళుసుగా విరిగి పేగులకు గుచ్చుకుంటాయి. అలంకరణకు వాడే గన్నేరుపూలు నమిలితే గుండె లయ తప్పుతుంది. ఇవన్నీ పీటల మీద కూర్చున్న పెళ్లికూతురు గమనించగలదా? కన్యాదానం చేస్తున్న తండ్రి గమనించగలడా?

ఇప్పుడు మనిషి సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పనిచేస్తుండగా, ముప్పై ఏళ్ల రైతుకూలీని మంచం మీద మోసుకువచ్చారు. రెండు నెలల కిందట కుక్కపిల్ల కరిచింది. చిన్నగాటే కదా అని ఆకుపసరు కట్టాడు. గ్లాసుతో నీళ్లు అందిస్తే గొంతు కండరాలు పట్టేసి విలవిల్లాడిపోయాడు. విసనకర్ర గాలి తగిలినా అంతే. మధ్యమధ్య పూర్తి స్పృహలో ఉండి, రావలసిన కూలిడబ్బుల గురించి తమ్ముడికి చెబుతున్నాడు. మరునాడు పోయాడు. నా చేతుల్లో ఎందరో పోయారు. ఆ చావు మాత్రం నలభై ఏళ్లు దాటినా కలలోకి వస్తుంది. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక రోగిని బతికించే మందు ఆనాడు లేదు, ఈనాటికీ లేదు. కానీ లక్షణాలు రాకముందు సరైన చికిత్స అందితే దాదాపు ప్రతి ఒక్కరినీ కాపాడవచ్చు. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి టీకా వేసి నిరూపించింది అదే.

మా కాలంలో గొర్రె మెదడు నుంచి తయారుచేసిన టీకా ఉండేది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు; ఆ భయానికే సగంమంది మధ్యలో మానేసేవారు. 2004 చివరికి మన దేశంలో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు చేతికి వేసే టీకా చాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం పొరల్లోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు వేస్తారు. కండరానికి వేసే పద్ధతిలో 14వ రోజు కూడా కలిపి అయిదు మోతాదులు. చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకు టీకా ఒక్కటే సరిపోదు; గాయంలోనూ, దాని చుట్టూ రేబీస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలి. టీకా పనిచేయడం మొదలయ్యేవరకు కాపలా కాసేది అదే. గాయానికి పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పెట్టకండి. వెంటనే కుట్లు వేయించకండి. సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగడం అన్నిటికంటే ముందు. ఈ పనికి డాక్టరు అక్కరలేదు.

"మా కుక్కకు ఏటా టీకా వేయిస్తున్నామండీ, మీరు అనవసరంగా కంగారుపడుతున్నారు" అని ఆ రోజు పెళ్లివారు కూడా అన్నారు. వేయించినందుకు సంతోషం. టీకా పుస్తకం చూపించమన్నాను. ఇంట్లో ఎక్కడో ఉందన్నారు. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. కరిచే సమయానికి దాని లాలాజలంలో రేబీస్ క్రిమి ఉంటే ఆ పది రోజుల్లోపే అది జబ్బుపడి చనిపోతుంది. కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల విషయంలో డాక్టరు మార్పు చేయవచ్చు. కానీ చికిత్స మొదలుపెట్టడానికి ఆ పది రోజులూ ఆగకూడదు. ఆ నిర్ణయం డాక్టరుది, కుక్క యజమానిది కాదు.

ఇక్కడ నా అసలు కోపం చెబుతాను. పెళ్లిలో కుక్క కరిచేది చాలాసార్లు అతిథిని కాదు. నా సర్వీసులో పెళ్లిళ్ల మరునాడు కాట్లతో వచ్చినవారిని గుర్తుచేసుకుంటే విస్తళ్లు ఎత్తేవారు, లైట్లు మోసేవారు, పూలదండలు కట్టేవారు, వాచ్‌మన్ పిల్లలు కనిపిస్తారు. "ఒరే, కాస్త పట్టుకో" అంటే కాదనలేనివారు వారే. గాయం దాచుకునేదీ వారే. చెబితే ఆ పూట కూలి పోతుంది. పెళ్లివారికి ఇబ్బంది కలిగించాడని మేస్త్రీ మళ్లీ పిలవడు. నా ముందు నిలబడిన కుర్రవాడు రక్తం కారుతున్న చేత్తో బకెట్టు మోసింది అందుకే. మొదటి మోతాదు, ఇమ్యునోగ్లోబ్యులిన్ నేనే దగ్గరుండి వేయించాను. మూడోరోజు ఫోను చేస్తే నిజామాబాదులో మరో పెళ్లి వంటకు వెళ్లాడు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి పంపడానికి అతడితో, మేస్త్రీతో నాలుగుసార్లు మాట్లాడవలసి వచ్చింది. నా భోజనం ఎడమచేత్తో వడ్డించకపోయి ఉంటే అతడి సంగతి ఎవరికి తెలిసేది?

కుక్క వల్ల ఇతరులకు ప్రమాదం రాకుండా చూడడంలో అజాగ్రత్త నేరం. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ కుర్రవాడు కేసు పెట్టడని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ భయపడరు.

అమెరికాలో, ఇంగ్లండులో పెళ్లినాడు కుక్కను చూసుకోవడమే వృత్తిగా పెట్టుకున్నవారు ఉన్నారు. అక్కడ కుక్క పెళ్లి ఉంగరాలు మోసుకురావడం ఒక వేడుక. మన దేశంలోనూ 2023 జనవరిలో ముంబైలో అనంత్ అంబానీ నిశ్చితార్థంలో ఆ ఇంటి కుక్క ఉంగరం తెచ్చిన దృశ్యాన్ని ఫోన్లలో అందరూ చూశారు. అటువంటి క్షణాలు చూసి ముచ్చటపడినవారికి, జనం మధ్య ఒక కుక్కను అలా నడిపించాలంటే ఎన్నిరోజుల అలవాటు కావాలో కనిపించదు. వేడుకను దిగుమతి చేసుకున్నాం, దాని వెనుక ఉన్న మనిషిని అక్కడే వదిలేశాం.

ఆ మనిషి చేసే పని ఏమిటి? పెళ్లికి చాలా ముందుగానే ఇంటికి వచ్చి కుక్కతో పరిచయం పెంచుకుంటాడు. ఏం తింటుంది, దేనికి బెదురుతుంది, పశువైద్యుడు ఎవరు అని రాసుకుంటాడు. పెళ్లిరోజు ఉదయం బాగా నడిపించి, నీళ్లు తాగించి, కార్యక్రమంలో కాస్త నెమ్మదిగా ఉండే ఘట్టానికి మాత్రమే తీసుకువస్తాడు. ఎదురుకోలు, గట్టిమేళం, బారాత్ సమయాలకు కుక్క అక్కడ ఉండదు. ఫొటో అయిపోగానే ఇంటికి తీసుకుపోయి, మీరు తిరిగి వచ్చేవరకు దానితోనే ఉంటాడు. మొత్తం మీద కుక్క పందిట్లో ఉండేది పావుగంటో, ఇరవై నిమిషాలో. నన్నడిగితే అదీ ఎక్కువే. కానీ పెళ్లికూతురి ముచ్చటను కాదనడానికి నేనెవరిని?

ఇప్పుడు హైదరాబాదు వంటి నగరాల్లో కుక్కలకు శిక్షణ ఇచ్చేవారు, మనం ఊరెళ్తే చూసుకునేవారు దొరుకుతున్నారు. బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ పనికివస్తాడని అనుకోకండి. అతడు స్వయంగా రేబీస్ ముందస్తు టీకా వేయించుకున్నాడా అని అడగండి. కుక్కల మధ్య పనిచేసేవారు తప్పక వేయించుకోవలసినది అది. భయపడిన కుక్క ఎలా ఉంటుందో వర్ణించమనండి. కుక్కకు ముందునుంచే మూతిచిక్కం అలవాటు చేయగలడా అని అడగండి. మా నాన్నగారు ఎడ్లకు కట్టినట్టే ఇదీ, అవమానమేమీ కాదు. చివరగా, "తాళి కట్టేటప్పుడు కుక్క మా ఒళ్లోనే ఉండాలి" అని చెప్పి చూడండి. సరేనన్నవాడిని పెట్టుకోకండి. "కుదరదండీ" అన్నవాడికి బయానా ఇవ్వండి. పెళ్లిరోజు అతడు ఇక చాలని కుక్కను తీసుకువెళ్లిపోతానంటే, ఇంటి పెద్దతో సహా ఎవరూ అడ్డు చెప్పకూడదని ముందే మాట ఇవ్వండి. అతడికి వేళకు భోజనం కూడా పెట్టండి. కూలికి వచ్చినవాడి ఆకలి మన పెళ్లిళ్లలో ఎవరికీ గుర్తుండదు.

ఇంత ఖర్చు దండగ అనిపిస్తే కుక్కను ఇంట్లోనే, దానికి అలవాటైన మనిషితో, చల్లని గదిలో ఉంచండి. మరునాడు పెళ్లిబట్టలతో ఇంటికి వచ్చి దానితో ఫొటో దిగండి. మీ పెళ్లికి రాలేదని అది అలగదు.

ఆ కుర్రవాడు 28వ రోజు మోతాదు కూడా వేయించుకుని ఆ చీటీ ఫొటో నాకు పంపాడు. కుక్క కులాసాగా ఉంది. మాఘంలో మా మేనల్లుడి ఇంట మరో పెళ్లి. వాళ్లకూ ఒక కుక్క ఉంది. ఖర్చుల జాబితా చూసిపెట్టమని మొన్న నాకు పంపించారు. కొబ్బరిబోండాల దగ్గరనుంచి కోల్డ్ ఫైర్ వరకు ముప్పైఏడు పద్దులు ఉన్నాయి. ముప్పైఎనిమిదోది నేను కలంతో రాసి తిప్పి పంపాను. ఇంకా జవాబు రాలేదు.